పక్క సీటు పంతులమ్మ కొన్న కారు

డ్రైవింగ్ స్కూలు కారులోకి ఎప్పుడైనా వంగి చూశారా? కాళ్ల దగ్గర పెడల్స్ రెండు చోట్ల ఉంటాయి. స్టీరింగ్ వెనక కూర్చున్నవాళ్లకి ఒక జత, పక్క సీట్లో మనిషికి ఇంకో జత. నేర్చుకునేవాళ్లు కంగారులో బ్రేకు అనుకుని ఇంకోటేదో తొక్కేస్తే, పక్కనున్న మనిషి ఆ రెండో బ్రేకు నొక్కి అందరి ప్రాణాలూ కాపాడాలి. అలాంటి పక్క సీట్లో పాతికేళ్లు కూర్చుని, ఊళ్లో సగం మంది ఆడవాళ్లకి కారు నేర్పిన మనిషి కథ ఇది. ఆవిణ్ని అందరూ పక్కసీటు పంతులమ్మ అనేవారు. ఆ పేరుతో పిలిస్తేనే ఆవిడ తొందరగా పలికేది కూడా.

పాతికేళ్లు ఒకే పని చేస్తే ఒళ్లు దాని పాటికి అది నేర్చేసుకుంటుంది. పంతులమ్మ కుడికాలు ఊరికే ఉండేది కాదు. బస్సెక్కినా, భర్త స్కూటర్ వెనక కూర్చున్నా, సినిమాలో ఎవరి కారో లోయ అంచుకి దూసుకుపోతున్నా, ఆ కాలు ఠక్కున ముందుకెళ్లి దొరికినదాన్ని నొక్కేసేది. ఒకసారి హాల్లో ముందు సీటాయన వెనక్కి తిరిగి గుర్రుమని చూశాడు. చెప్పులు కొంటే కుడిది ముందు అరిగేది. "ఎడమది నిన్న కొన్నట్టుంది, ఒంటికాలి మీద నడుస్తారా ఏంటమ్మా" అని చెప్పులు కుట్టే అతను వేళాకోళం చేసేవాడు.

మొదట్లో ఆవిడ ఆ స్కూల్లో బల్ల ముందు కూర్చుని పేర్లు రాసుకుని ఫీజులు పుచ్చుకునేది. ఆడవాళ్లు వచ్చి, నేర్పేది మగమనిషని తెలిసి వెనక్కి వెళ్లిపోతుంటే ఓనరుగారికి ప్రాణం ఉసూరుమనేది. "నీకు నడపడం వచ్చుగా, నువ్వే కూర్చో" అని ఓ రోజు తాళాలు చేతిలో పెట్టేశాడు. అంతే, ఆ సీటు ఆవిడకి ఖాయమైపోయింది.

ఆవిడకి కోపం రాదనుకునేరు. ఇంట్లో గిన్నె కింద పడితే వీధి చివరిదాకా వినిపించేది. కానీ కారెక్కితే మాత్రం వేరే మనిషి. బండి నడిరోడ్డు మీద ఆగిపోయి, వెనకాల హారన్లు చెవులకి చిల్లులు పొడుస్తుంటే, స్టీరింగ్ పట్టుకున్న పిల్ల చెమటలు కక్కుతుంటే, పంతులమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ తీరిగ్గా ఒకే మాట అనేది: "పర్లేదు, బండి మనదేగా." బండి ఓనరుగారిది, అది వేరే సంగతి. కానీ ఆ మాట వినగానే ఎదుటి మనిషి భుజాలు కిందికి దిగేవి. కాలు నెమ్మదించేది. బండి కదిలేది.

ఇన్నేళ్లలోనూ ఆవిడకి అలవాటు కానిదల్లా ఆ కదలడమే. నిన్నటిదాకా రోడ్డు దాటడానికే భయపడిన మనిషి, ఇవాళ ఇనుముతో చేసిన అంత బరువుని ఓ పాదం చివరతో లేపి నడిపించుకుపోవడం. ఎన్నిసార్లు చూసినా ఆవిడకి ఒళ్లు గగుర్పొడిచేది. అయితే పూర్తిగా చూసింది లేదు. ఆవిడ కళ్లెప్పుడూ రోడ్డు మీదా, అద్దాల మీదా ఉండాలి. లైసెన్సు పరీక్షకి మైదానానికి తీసుకెళ్లేది ఓనరుగారు, ఆ పెద్దరికం ఆయనది. కాబట్టి తను నేర్పిన మనిషి మొదటిసారి తను పక్కన లేకుండా కారు నడుపుతుంటే ఎలా ఉంటుందో బయట నిలబడి ఆవిడ ఒక్కసారీ చూడలేదు.

ఓనరుగారి చూపు మందగించింది. స్కూలు మూసేశాడు. పాత కారు తుక్కుకిందకి వెళ్లిపోయింది. వెళ్లేముందు ఆయన దాని రెండో జత పెడల్స్ విప్పించి, గోనెగుడ్డలో చుట్టి పంతులమ్మకిచ్చాడు. "ఇన్నేళ్లూ నా కారు మీద గీత పడకుండా కాపాడావు. ఇంకేం ఇవ్వను చెప్పు. ఇవి నువ్వు తొక్కినవే" అన్నాడు. ఆవిడ వాటిని ఒళ్లో పెట్టుకుని బస్సులో ఇంటికొచ్చింది. దారిపొడుగునా కళ్లు తుడుచుకుంటూనే ఉంది.

ఇంటికొచ్చి, ఆ మూట భర్త ముందు పెట్టి, "నేనే సొంతంగా స్కూలు పెడతా" అంది.

భర్తది సెలూన్. రెండు కుర్చీలు, పెద్ద అద్దం, వెనకాల ఒక బెంచీ. మాటకారి, మనసు మెత్తన. దాచుకున్నదంతా కలిపితే ఒకే ఒక్క కారొస్తుంది. ఆ కారు సరిగ్గా కుదిరితే స్కూలు నిలబడుతుంది. కుదరకపోతే ఇంకో కారు కొనే తాహతు ఈ జన్మకి లేదు, పంతులమ్మ మళ్లీ ఎవరి బల్ల ముందో కూర్చుని పేర్లు రాసుకోవాల్సిందే. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు. తెలుసు కాబట్టే పైకి అనుకోలేదు.

భర్త మర్నాడే సెలూన్లో ఈ కబురు వేశాడు. గడ్డం గీయించుకోవడానికి వచ్చినవాళ్లందరూ కార్ల పండితులైపోయారు. నురగ మూతితో ఒకాయన మైలేజీ అన్నాడు. మెడకి గుడ్డ చుట్టించుకున్న ఇంకొకాయన, అమ్మేటప్పుడు ఎంతొస్తుందో చూసుకోవాలన్నాడు. సాయంత్రానికి భర్త బుర్రనిండా సలహాలు నింపుకుని వచ్చాడు. "నీ షాపులో వాళ్లకి క్షవరం సరే, కార్ల బజార్లో మనకి కాకుండా చూడు" అంది పంతులమ్మ.

వాడిన కార్లు అమ్మే ఆ బజారు ఊరి చివర. బ్రోకరు వాళ్లని తిన్నగా ఒక పెద్ద కారు దగ్గరికి తీసుకెళ్లాడు. నల్లగా నిగనిగలాడుతూ, ఓ పక్కంతా ఆకాశం కనబడుతోంది దానిలో. ఏళ్లు మీదపడ్డా ఒకప్పుడు పెద్దింటి బండి. అంత తక్కువ ధర విని భర్త తన చెవులు తనే నమ్మలేకపోయాడు. పక్కనే పాలిపోయిన నీలం రంగులో ఓ చిన్న కారుంది. వయసులో చిన్నది, చూపుకి ఆననిది, ధర మాత్రం పెద్దదాని కంటే ఎక్కువ.

"అదెందుకు లెండి, అది సంతకెళ్లొచ్చే ముసలావిడ బండి" అన్నాడు బ్రోకరు.

పంతులమ్మ పెద్దదాంట్లో స్టీరింగ్ వెనక కూర్చుంది. తలుపు మూయగానే బయట గోల టక్కున ఆగిపోయింది. రోడ్డెక్కితే గుంతలున్నట్టే తెలియలేదు. ఎక్కడో దూరంగా ఇంజిను చిన్నగా గురకపెడుతోంది. మనుషుల చేతులు ఇంత మెత్తని బలాన్ని ఎలా తయారుచేశాయిరా భగవంతుడా అని ఆవిడ అబ్బురపడింది. వెనక సీట్లో భర్త కాళ్లు బారచాపుకుని, "మిగిలిన డబ్బుతో మెయిన్ రోడ్డు మీద గది తీసుకుందాం. పైన నీ బొమ్మతో బోర్డు" అన్నాడు. ఆవిడకి బోర్డు కళ్లముందు కట్టింది. అడ్వాన్సు ఇచ్చేద్దామనే తీర్మానించుకుంది.

బజారు గేటు దగ్గర దిగుతుండగా ఏదో వెలితిగా అనిపించింది. చెప్పులు వేసుకుంటూ తెలుసుకుంది. దారిపొడుగునా తన కుడికాలు హాయిగా, ఏ ఆదుర్దా లేకుండా ఉంది. ఇలాంటి తప్పు ఆవిడ వృత్తిలోవాళ్లే చేయగలరు. ఎన్నేళ్ల అనుభవం ఉంటే అంత పెద్ద తప్పు. ఆవిడ కాలి కింద ఏ కారైనా బుద్ధిగానే నడుస్తుంది. కానీ ఈ కారుని నడపబోయేది ఆవిడ కాదు. ఆవిడ కూర్చోబోయే సీటు కూడా అది కాదు.

"రేపు మళ్లీ వస్తాం. ఇంకొకావిడ నడిపి చూస్తుంది" అంది బ్రోకరుతో.

ఆ ఇంకొకావిడ ఎవరో విని భర్త తలపట్టుకున్నాడు. బేకరీ పిన్నిగారు. పాత స్కూల్లో పంతులమ్మకి దక్కిన శిష్యుల్లోకెల్లా మొండి ఘటం. పిన్నిగారి భర్తకి కళ్లు దెబ్బతినడంతో, షాపులకి రొట్టెలు తనే చేరవేయాలని కారు నేర్చుకోవడం మొదలుపెట్టింది. తెల్లారకముందు నుంచీ పొయ్యి ముందు నిలబడి నిలబడి ఆ కాళ్లు మొద్దుబారిపోయాయి. క్లచ్ మీద పాదం పెడితే పిండి పిసికినట్టే. లైసెన్సు పరీక్షలో ఎత్తు మీద బండి ఆపి మళ్లీ కదిలించే దగ్గర ప్రతిసారీ తప్పింది. మంచి మనిషి గనక ఎవరినీ తిట్టదు, తనని తప్ప.

"నా చేత అమ్మకానికున్న కారు నడిపిస్తావా అమ్మాయ్? నీకేమైనా మతిపోయిందా?" అంది పిన్నిగారు చేతులకున్న పిండి దులుపుకుంటూ.

"మీ అంత బాగా పాడుచేసేవాళ్లు నాకింకెవరూ దొరకలేదు పిన్నిగారూ. రండి" అంది పంతులమ్మ.

బజారు వెనకాల ఖాళీ స్థలం ఉంది, చివర లారీలు ఎక్కే చిన్న మట్టి ఎత్తు. పంతులమ్మ పెద్ద కారులో పక్క సీట్లో కూర్చుంది. కుడికాలు ముందుకి పెట్టింది. అక్కడ పెడల్ లేదు, ఉత్త మ్యాట్ ఉంది. పిన్నిగారు తాళం తిప్పింది. కారు ఒక్క దూకు దూకి ఆగింది. మళ్లీ తిప్పింది, మళ్లీ దూకి ఆగింది. ఎత్తు దగ్గరికి వచ్చేసరికి ఇంజిను గావుకేకలు పెడుతోంది, బండి మాత్రం అంగుళం కదలదు. క్లచ్ కాలిన వాసన ముక్కుపుటాలు అదరగొట్టింది. అంత పెద్దింటి బండికీ ఈ కాలి సంగతి తెలియదు, నేర్చుకోనంటోంది. బయట బ్రోకరు రెండు చేతులూ పైకెత్తి పరిగెత్తుకొస్తున్నాడు.

"నన్ను పొమ్మంటోంది అమ్మాయ్ ఇది" అంది పిన్నిగారు, కళ్లలో నీళ్లు తిప్పుకుంటూ.

బ్రోకరుని బతిమాలి, చిన్న నీలం కారుకి తాళాలు తీసుకున్నారు. అదే కాలు, అదే ఎత్తు. మొదటిసారి ఆగింది. రెండోసారి కాస్త వెనక్కి జారింది. పంతులమ్మ కాలు మ్యాట్ని తొక్కి తొక్కి నొప్పెట్టింది. మూడోసారి పిన్నిగారు క్లచ్‌ని ఎంత తప్పుగా వదిలినా, ఆ చిన్న ఇంజిను ఓ వణుకు వణికి, సర్దుకుని, ఎత్తెక్కేసింది. పంతులమ్మ ఆ అరిగిన స్టీరింగ్ వంక, ఆ చవక ప్లాస్టిక్ వంక అలా చూస్తూ ఉండిపోయింది. ఎవరో ఎక్కడో కూర్చుని, రాని కాలి కోసం కూడా ఆలోచించి చేశారు దీన్ని.

"ఇది నన్ను కసరలేదు" అంది పిన్నిగారు.

అక్కణ్నుంచి పంతులమ్మ మెకానిక్ షెడ్డుకి వెళ్లింది. పాత స్కూలు కారుకి అతనే వైద్యుడు, ఆవిడకి తమ్ముడి వరస. భర్త కూడా వెంట వచ్చాడు, మొహం ముడుచుకునే.

"పెద్దదాని క్లచ్ ఎన్నాళ్లొస్తుంది తమ్ముడూ?"

"మామూలువాళ్లు నడిపితే ఏళ్లొస్తుంది. మీ వాళ్లు నడిపితే ఏడాదికోసారి నా మొహం చూడాలి అక్కా."

"మార్చడానికి?"

"గేర్‌బాక్సు దింపాలి. సామాను ఇక్కడ దొరకదు, పైనుంచి రావాలి. వచ్చేదాకా బండి నా షెడ్డులో నిద్రపోతుంది."

"బండి నిద్రపోతే నాకు క్లాసులుండవు" అంది పంతులమ్మ.

"మరి చిన్నదో?" అని భర్తే అడిగాడు, ఉండబట్టలేక.

"పొద్దున తెస్తే సాయంత్రానికి ఇచ్చేస్తా బావా. సామాను వీధి చివర షాపులోనే ఉంటుంది."

ఆవిడ ఒక్కొక్కటీ అడుగుతూ పోయింది. టైర్లు, బ్రేకులు, ఇన్సూరెన్సు, ఎండలో ఇంజిను ఆన్‌లో ఉంచి పాఠం చెబితే తాగే పెట్రోలు, నాలుగేళ్ల తర్వాత అమ్మితే చేతికొచ్చేది. తమ్ముడు ఆయిలు చేతులతోనే చెబుతూ పోయాడు. భర్త ఫోన్లో కూడుతూ, మొహంలో రంగులు మారుతూ, చివరికి ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. చవగ్గా వచ్చే నల్ల కారు నాలుగేళ్లలో తన ధర మళ్లీ ఒకసారి మింగి, ఇంకా ఆకలంటోంది. నీలం కారు దాదాపు కొన్న డబ్బుతోనే గడిపేస్తోంది. పంతులమ్మకి భయంతోపాటు ఓ వింత కూడా కలిగింది. ఇంతకాలం కారంటే నాలుగు చక్రాలూ ఓ సీటూ అనుకుంది. ఇప్పుడు దాని రాబోయే బతుకంతా, పుట్టబోయే రోగాలూ తిండీతో సహా, ఒక్కసారిగా కళ్లముందు పరుచుకుని కనబడుతోంది. అందరూ ఎంతకి ఇస్తాడు అనే అడిగారు గానీ, ఎంతకి ఉంచుకుంటాం అని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

"గది పోయింది, బోర్డు పోయింది" అన్నాడు భర్త నిట్టూరుస్తూ. కాసేపయ్యాక తనే అన్నాడు. "మన సెలూన్లో బెంచీ ఖాళీగానే ఉంటుందిగా. అదే నీ ఆఫీసు."

నీలం కారు వచ్చింది. తమ్ముడు గోనెమూట విప్పి ఆ పాత పెడల్స్ పక్క సీటు ముందు బిగించాడు. పంతులమ్మ కాలు పెట్టి చూసుకుంది. అరిగిన చోట్ల సరిగ్గా పాదం కూర్చుంది. సెలూన్ తలుపు మీద ఓ అట్టముక్క వేలాడింది: కటింగు, షేవింగు, కారు నేర్పబడును. జనం నవ్వుకున్నారు. నవ్వారు గానీ చేరలేదు. వీధిలో ఆడవాళ్లందరిదీ ఒకే మాట, బేకరీ పిన్నిగారు పాసైతే అప్పుడు చూద్దాం అని. ఆవిణ్ని పాస్ చేయించగలిగితే ఎవరికైనా నేర్పగలదని వాళ్ల లెక్క. అందులో తప్పేం లేదు. పంతులమ్మ బతుకంతా వెళ్లి ఆ మొద్దుబారిన పాదం మీద కూర్చుంది.

పరీక్ష రోజు రానే వచ్చింది. ఇప్పుడు స్కూలు తనదే గనక మైదానానికి పంతులమ్మే తీసుకెళ్లింది. సెలూన్ మూసి భర్త కూడా వచ్చాడు. తీరా అక్కడికెళ్లాక ఇన్‌స్పెక్టరు తలుపు తీసి, "మీరు దిగాలమ్మా, పక్క సీట్లో నేను కూర్చుంటా. రెండో జత పెడల్స్ జోలికి నేను వెళ్లను" అన్నాడు. ఆవిడ దిగి తాడు అవతల నిలబడింది. వెనక సెలూన్ వీధి ఆడవాళ్లు నలుగురైదుగురు, చూద్దామని వచ్చినవాళ్లు.

నీలం కారు కదిలింది. మలుపులు తిరిగింది. వెనక్కి వచ్చి గీతల మధ్య ఆగింది. ఎత్తు మొదలైంది. సగంలో ఆపమన్నట్టు ఇన్‌స్పెక్టరు చెయ్యి కదిలింది. ఆగింది. ఇక కదిలించాలి. వెనక ఉన్న తెల్లగీత దాటి జారితే తప్పినట్టే.

ఇంజిను ఆగిపోయింది. బండి వెనక్కి జారడం మొదలుపెట్టింది. పంతులమ్మ కుడికాలు మట్టిలో ఎంత బలంగా నొక్కిందంటే చెప్పు పట్టీ పుటుక్కున తెగింది. నొక్కి ఏం లాభం, అక్కడ ఏ బ్రేకూ లేదు. గీతకి జానెడు ముందు బండి ఆగింది. పిన్నిగారే బ్రేకు పట్టింది. అద్దంలోంచి ఆవిడ మొహం కనబడుతోంది. చెమట, భయం, అన్నీ. అంతలో ఆ పెదాలు కదిలాయి. ఇంత దూరం నుంచి మాట వినబడదు, అక్కర్లేదు కూడా. ఆ మాట పంతులమ్మకి తెలియనిది కాదు.

పర్లేదు, బండి మనదేగా.

పిన్నిగారి భుజాలు కిందికి దిగాయి. ఇంజిను పలికింది. ఆ చిన్న నీలం బండి ఓ వణుకు వణికి, సర్దుకుని, ఎత్తు మీదకి నడిచింది. శిఖరం దగ్గర ఎండ దాని అద్దం మీద పడి మెరిసింది. పంతులమ్మ నోటిమీద చెయ్యి పెట్టుకుని నిలబడిపోయింది. ఇన్నేళ్లూ పక్క నుంచి చూసింది దీన్నే, చూసి కూడా చూడలేదు. ఒక మనిషి భయాన్ని కాలికింద పెట్టుకుని పైకి వెళ్లిపోతుంటే ఇలా ఉంటుందన్నమాట. ఇంత పెద్ద పని తను రోజూ చేసేదని తనకే తెలియలేదు. కన్నీళ్లు వచ్చాయి, తుడుచుకోలేదు.

తిరుగుదారిలో పిన్నిగారే నడిపింది. పక్క సీట్లో భర్త కూర్చున్నాడు, సంబరంగా. పంతులమ్మ జీవితంలో మొదటిసారి వెనక సీట్లో కూర్చుంది, తెగిన చెప్పు ఒళ్లో పెట్టుకుని. మలుపులో సైకిలు అడ్డం రాగానే భర్త కంగారుపడి ముందున్న పెడల్ మీద రెండు కాళ్లతో నిలబడ్డాడు. బండి నడిరోడ్డు మీద ఠక్కున ఆగి చచ్చింది. వెనకాల హారన్లు మొదలయ్యాయి. పిన్నిగారు అద్దంలోంచి వెనక్కి చూసింది.

పంతులమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఆవిడ కుడికాలు సీటు కింద కదలకుండా, హాయిగా ఉంది.

"కానివ్వండి పిన్నిగారూ" అంది. "తొందరేం లేదు."